దాత ఎక్కిన కోర్టు మెట్లు

1927, మే 26. మధ్యాహ్నం ఒంటిగంట.

ఫిలిప్పీన్స్‌లోని రోంబ్లోన్ రేవు. 'నెగ్రోస్' అనే స్టీమరు మనీలాకు తిరుగు ప్రయాణమవుతోంది. రేవులో రెండో నంబరు తుపాను హెచ్చరిక ఎగురుతోంది. దాని అర్థమేంటో మన కోస్తా జిల్లాల వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆ సంగతి కెప్టెన్‌కు ముందే తెలుసు. ప్రయాణికులు కూడా దగ్గరకు వెళ్లి గుర్తుచేశారు. అయినా ఆయన లంగరు తీయించాడు.

ఓడలోకి 123 మందిని మించి ఎక్కించకూడదు. ఆ రోజు ఎక్కింది దాదాపు 180 మంది. కింద సరుకు గది కిక్కిరిసిపోయింది. అక్కడ చోటు లేక పెట్టెలూ బేడలూ పై అంతస్తులో గుట్టగా పోశారు. అవి చాలవన్నట్టు 30 బస్తాల పాలరాతి ముక్కలు, దాదాపు 100 బస్తాల ఎండు కొబ్బరి, కొంత కలప. ఎంత బరువు దాకా ఎక్కించొచ్చో చెప్పేందుకు ఓడ పక్కన ఒక గీత ఉంటుంది. అది నీళ్లకు పైన కనబడాలి. నెగ్రోస్ గీత నీటి మట్టానికి ఆరేడు అంగుళాలు కింద ఉంది.

రెండు గంటలు సాగారు. బాంటోన్, సిమారా దీవుల మధ్యకు వచ్చేసరికి గాలి పెరిగింది. సముద్రం పొంగింది. అప్పుడు కెప్టెన్‌కు భయమేసినట్టుంది, ఓడను ఎడమకు తిప్పమన్నాడు. రేవుకు తిరిగి వెళ్లిపోదామని కాబోలు. తిరుగుతుండగా ఓ పెద్ద అల పక్క నుంచి కొట్టింది. నెగ్రోస్ ఒరిగిపోయి మునిగింది. చాలామంది చనిపోయారు. వాళ్లలో ఒక తండ్రీ, ఆయన కొడుకూ ఉన్నారు. ఒక దంపతుల కూతురుంది. మరొకాయన కొడుకున్నాడు.

ఈ మూడు కుటుంబాలూ నష్టపరిహారం కోసం కోర్టుకెళ్లాయి. ఓడ యజమాని మీద దావా వేశాయి.

ఆ యజమాని ఊరూపేరూ లేని వ్యాపారి కాదు. దేశంలోకెల్లా పేరున్న దాత. ఫిలిప్పీన్స్ తరఫున అమెరికా చట్టసభలో కూర్చొని వచ్చిన పెద్దమనిషి. పేరు తెయొడోరో ఆర్. యాంకో.

తండ్రి ఒప్పుకొన్న కొడుకు

యాంకో 1861 నవంబరు 9న పుట్టారు. లూజాన్ దీవికి పడమటి అంచున, సముద్రం ఒడ్డున ఉండే జంబాలెస్ రాష్ట్రంలోని శాన్ ఆంటోనియో ఆయన ఊరు. ఫిలిప్పీన్స్ అప్పటికి స్పెయిన్ ఏలుబడిలో ఉంది. ఆ దేశ జాతీయ వీరుడు హొసే రిజాల్ పుట్టింది కూడా అదే ఏడాది.

తండ్రి లూయిస్ రఫాయెల్ యాంకోకు ఓడల వ్యాపారం. తల్లి అప్పటికే భర్త పోయిన మనిషి. మొదటి భర్త ద్వారా ఆమెకు ఐదుగురు పిల్లలు. లూయిస్‌కూ ఆమెకూ చట్టప్రకారం పెళ్లి కాలేదు. కాబట్టి తెయొడోరో చట్టం దృష్టిలో సక్రమ సంతానం కాదు. అయితే తండ్రి దాచిపెట్టలేదు. తన బిడ్డేనని ఒప్పుకొన్నాడు, చదివించాడు, వ్యాపారం అప్పగించాడు. 1907 జూన్ 14న రాసిన వీలునామాలో తెయొడోరోతో పాటు మరో ముగ్గురిని తాను అంగీకరించిన బిడ్డలుగా పేర్కొన్నాడు. ఆ ఒక్క మాటకు ఎంత విలువ ఉందో 70 ఏళ్ల తర్వాత గానీ తేలలేదు. ఆ కథ చివర్లో వస్తుంది.

చదువు విషయంలో తండ్రి ఖర్చుకు వెనుకాడలేదు. మనీలాలో పేరున్న అతెనెయో, శాంతో తోమాస్ విద్యాసంస్థలు అయ్యాక కుర్రాణ్ని స్పెయిన్‌కు పంపాడు. 1880ల్లో మాడ్రిడ్ అంటే సంపన్న ఫిలిప్పీన్ యువకులకు మన పెద్దలకు లండన్ లాంటిది. రిజాల్ కూడా అదే కాలంలో అక్కడ చదువుకుంటూ, స్పెయిన్ పాలన మీద పుస్తకం రాసే పనిలో ఉన్నాడు. యాంకో దారి వేరు. మాడ్రిడ్ నుంచి లండన్ పక్కనున్న ఈలింగ్‌కు వెళ్లి, అక్కడి కాలేజీలో వాణిజ్య కోర్సు చేశారు. రిజాల్‌ను 1896 డిసెంబరులో స్పానిష్ ప్రభుత్వం కాల్చి చంపింది. ఈలింగ్ కాలేజీలో లెక్కలు నేర్చుకొచ్చిన యాంకో 77 ఏళ్లు బతికి, స్పెయిన్ పోవడం, అమెరికా రావడం, స్వాతంత్ర్యం గుమ్మం దాకా రావడం అన్నీ చూశారు.

నీళ్ల మీదా, నేల మీదా

మనీలాకు తిరిగొచ్చాక ఆయన పట్టని వ్యాపారం లేదు. స్టీమర్లు నడిపారు. వాటిని కట్టడానికీ మరమ్మతు చేయడానికీ డ్రైడాక్‌లు పెట్టారు. బస్సులు తిప్పారు. బట్టల వ్యాపారం చేశారు. భూములు కొన్నారు. మనీలాలో చవక సరుకులకు పేరుపడ్డ దివిసోరియా బజారులో యాంకో పేరుతో ఓ మార్కెట్ వెలసింది. వేల దీవులున్న దేశమది. ఒక ఊళ్లో పండింది మరో ఊళ్లో తినాలంటే మధ్యలో సముద్రం దాటాలి. ఓడ ఉన్నవాడి దగ్గరకే సరుకు వస్తుంది. సరుకు ఉన్నచోటికే డబ్బు వస్తుంది. ఈ సూత్రం యాంకోకు బాగా తెలుసు.

1907 నవంబరులో ఆయన ఒక వ్యాపారికి ఉత్తరం రాశారు. తమ స్టీమరు ఆఫీసులో కొత్తగా కమీషన్ వ్యాపారం మొదలెట్టామనీ, పొగాకు, ఇతర పంటలు పంపితే మంచి ధరకు అమ్మిపెడతామనీ, ఫలానా వ్యక్తి తన ఏజెంటనీ అందులో ఉంది. నమ్మి ఆ వ్యాపారి సరుకు పంపుతూ వచ్చాడు. 1909 ఫిబ్రవరిలో 218 కట్టల పొగాకు పంపాడు. ఏజెంటు అది 1,744 పెసోలకు అమ్మాడు. ఖర్చులు పోను 1,500 పెసోలకు పైగా మిగిలితే జేబులో వేసుకున్నాడు.

వ్యాపారి యాంకోను అడిగాడు. యాంకో తరఫు జవాబేమిటంటే, అప్పటికే ఆ ఏజెంటును తీసేశాం, అతనితో మాకు సంబంధం లేదు అని. మరి తీసేసిన సంగతి ఆ వ్యాపారికి చెప్పారా? చెప్పలేదు. 1911లో ఫిలిప్పీన్స్ సుప్రీంకోర్టు దాన్నే పట్టుకుంది. ఫలానా వాడు నా ఏజెంటు, అతనితో వ్యాపారం చెయ్యండని ఉత్తరం రాసి పిలిచినవాడు, తీసేసినప్పుడు కూడా ఉత్తరం రాయాలి. రాయలేదు కాబట్టి డబ్బు కట్టాల్సిందే అంది. లా కాలేజీల్లో ఏజెన్సీ చట్టం చెప్పేటప్పుడు ఈ కేసు ఇప్పటికీ చెబుతారు. యాంకో డబ్బు కోసం కోర్టులో నిలబడటం, తన పేరును న్యాయశాస్త్ర పుస్తకాలకు ఇవ్వడం ఇలా మొదలైంది.

ఓటు లేని సీటు

1898లో స్పెయిన్ ఓడిపోయి, ఫిలిప్పీన్స్‌ను 2 కోట్ల డాలర్లు పుచ్చుకుని అమెరికాకు వదిలేసింది. ఫిలిప్పీన్ ప్రజలు ఎదురుతిరిగి పోరాడారు, ఓడిపోయారు. తర్వాత అమెరికా వాళ్లకో వెసులుబాటు ఇచ్చింది. వాషింగ్టన్‌లోని ప్రతినిధుల సభకు ఇద్దరు 'రెసిడెంట్ కమిషనర్ల'ను పంపుకోవచ్చు. ఫిలిప్పీన్ చట్టసభే వాళ్లను ఎన్నుకుంటుంది. వాళ్లు సభలో కూర్చోవచ్చు, మాట్లాడొచ్చు. ఓటు మాత్రం వెయ్యకూడదు. పెళ్లికి పిలిచి భోజనం బల్ల దగ్గర నిలబెట్టినట్టన్నమాట.

1917 మార్చిలో ఆ సీట్లలో ఒకటి యాంకోకు దక్కింది. అప్పటికి ఆయనకు 55 ఏళ్లు. ఆయనకు ముందు ఆ కుర్చీలో ఉన్న మాన్యువల్ ఎర్న్‌షా కూడా ఓడల వ్యాపారే. రెండో సీటులో హైమె దె వెయ్రా. ఆయన రాజకీయాల్లో ఆరితేరిన మనిషి.

అది ఆశ పెట్టుకోదగ్గ కాలమే. ముందటేడు, 1916 ఆగస్టులో, జోన్స్ చట్టం వచ్చింది. ఫిలిప్పీన్స్‌లో స్థిరమైన ప్రభుత్వం ఏర్పడగానే స్వాతంత్ర్యం ఇస్తామని అమెరికా తొలిసారి కాగితం మీద రాసింది. స్థిరమైన ప్రభుత్వమంటే ఏమిటో, అది ఏర్పడిందని ఎవరు తేలుస్తారో మాత్రం రాయలేదు. ఇంతలో మొదటి ప్రపంచయుద్ధంలోకి అమెరికా దిగింది. మేం మీ వైపే ఉన్నామని చెప్పుకోవడానికి ఫిలిప్పీన్ చట్టసభ ఒక యుద్ధనౌకకు డబ్బిచ్చింది. దానికి రిజాల్ పేరు పెట్టారు. 1918 సెప్టెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో దాన్ని నీళ్లలోకి దించింది దె వెయ్రా భార్య సోఫియా. మర్నాటి ఏడాది మాన్యువల్ క్వెజాన్ నాయకత్వంలో స్వాతంత్ర్యం అడగడానికి ఓ పెద్ద బృందమే వాషింగ్టన్ వచ్చింది. అధ్యక్షుడు విల్సన్ పారిస్‌లో శాంతి చర్చల్లో ఉన్నాడు. వచ్చినవాళ్లకు మంచి మాటలు దొరికాయి, తేదీ దొరకలేదు.

యాంకో 1920 మార్చిలో మూడేళ్లు పూర్తి కాగానే దిగిపోయారు. రెండోసారి నిలబడలేదు. రాజకీయం ఆయనకు ఒక మజిలీ మాత్రమే. మళ్లీ ఓడల దగ్గరికి, దానధర్మాల దగ్గరికి వచ్చేశారు.

వైఎంసీఏ తండ్రి

మనకు వైఎంసీఏ అంటే నారాయణగూడ చౌరస్తా గుర్తొస్తుంది. ఫిలిప్పీన్స్‌లో వైఎంసీఏ అంటే యాంకో. అక్కడ ఆయన్ని 'వైఎంసీఏ తండ్రి' అని పిలుస్తారు.

ఆ సంస్థ అక్కడికి 1898లో అమెరికా సైనికుల వెంట వచ్చింది. మొదట్లో తెల్లవాళ్ల కోసమే. 1911లో జాతీయ సంస్థగా ఏర్పడినప్పుడు యాంకో ముందు నిలబడ్డారు, అధ్యక్షుడయ్యారు, ఏళ్ల తరబడి దాన్ని నడిపించారు. పల్లెల నుంచి మనీలాకు చదువు కోసమో ఉద్యోగం కోసమో వచ్చిన కుర్రాడికి ఉండటానికి ఓ గది, ఆడుకోవడానికి చోటు, చదువుకోవడానికి నాలుగు పుస్తకాలు... అప్పటి మనీలాలో ఇది చిన్న సంగతి కాదు.

ఇందులో ఓ సాహసం కూడా ఉంది. ఫిలిప్పీన్స్ మూడొందల ఏళ్లకు పైగా క్యాథలిక్ స్పెయిన్ కింద ఉన్న దేశం. వైఎంసీఏ ప్రొటెస్టెంట్లు పెట్టిన సంస్థ. మన పిల్లల్ని మతం మార్చేస్తారని చర్చి పెద్దలు మండిపడేవారు. 1920లో సాక్షాత్తూ వాటికన్ నుంచే వైఎంసీఏ లాంటి సంస్థల విషయంలో జాగ్రత్తగా ఉండమని బిషప్పులకు హెచ్చరిక వచ్చింది. క్యాథలిక్ గురువుల దగ్గర చదువుకున్న యాంకో అలాంటి సంస్థకు తన పేరూ డబ్బూ ఇచ్చి నిలబడటం తేలికైన పని కాదు. విచిత్రమేంటంటే, ఆయన సొంతూరు శాన్ ఆంటోనియోలో ఆయన పేరు మోస్తున్న విద్యాసంస్థ క్యాథలిక్‌లదే. ఇచ్చేటప్పుడు ఇది మావాళ్లది, అది వాళ్లది అని ఆయన చూడలేదన్నమాట.

ఆయన చేతి చలవ గురించి ఫిలిప్పీన్స్‌లో ఇంకా చెప్పుకుంటారు. మరి నెగ్రోస్ ఓడ విషయంలో ఆ చెయ్యి ఎందుకు ముడుచుకుంది?

మునిగిన ఓడను తీసుకోండి!

మూడు కుటుంబాలూ కాపిస్ కోర్టులో దావాలు వేశాయి. కోర్టు విచారించింది. హెచ్చరిక ఎగురుతుండగా, మితిమీరిన బరువుతో, మితిమీరిన జనంతో ఓడను తీసుకెళ్లడం కెప్టెన్ తప్పు. అందులో సందేహమేమీ లేదు. తండ్రీకొడుకులను పోగొట్టుకున్న కుటుంబానికి 2,000 పెసోలు, మిగతా రెండు కుటుంబాలకూ చెరో 590 పెసోలు ఇవ్వమంది. అప్పట్లో రెండు పెసోలు ఒక అమెరికా డాలరు. అంటే ఒక బిడ్డ ప్రాణానికి 295 డాలర్లు. ఓడలు, డాక్‌లు, మార్కెట్ ఉన్న మనిషికి మూడు కేసులూ కలిపి 3,180 పెసోలు ఏపాటి?

యాంకో కట్టలేదు. తీర్పు వచ్చాక ఆయన తరఫున కోర్టులో ఒక అర్జీ పడింది. నెగ్రోస్ ఓడను, దాని మీదున్న సమస్త సామగ్రితో సహా, ఈ మూడు కుటుంబాలకూ వదిలేస్తున్నాను అని దాని సారాంశం. ఓడ అప్పటికే మునిగిపోయింది!

చదివితే వేళాకోళంలా ఉంటుంది గానీ దాని వెనక ఒక చట్టం ఉంది. స్పెయిన్ 1885లో చేసుకున్న వాణిజ్య స్మృతి 1888 నుంచి ఫిలిప్పీన్స్‌లోనూ అమల్లోకి వచ్చింది. స్పెయిన్ వెళ్లిపోయినా అది పోలేదు. దాని 587వ అధికరణం ప్రకారం, కెప్టెన్ తప్పు వల్ల నష్టం జరిగితే యజమాని తన ఓడను వదిలేసుకుని బాధ్యత నుంచి బయటపడొచ్చు. ఎందుకంటే, ఓడ రేవు దాటాక యజమాని చేతిలో ఏమీ ఉండదు. తుపాన్లు, దొంగలు, కెప్టెన్ పిచ్చి నిర్ణయాలు, అన్నిటికీ ఆస్తంతా పోగొట్టుకోవాల్సి వస్తే సముద్ర వ్యాపారానికి ఎవడూ డబ్బు పెట్టడు. అందుకని, పోతే ఓడ వరకే పోతుంది అని పాతకాలం యూరప్‌లో ఒక కట్టుబాటు చేసుకున్నారు. ఇది ఒక్క స్పెయిన్ తెలివి కాదు. టైటానిక్ యజమానులు కూడా 1914లో అమెరికా సుప్రీంకోర్టుకు వెళ్లి, తమ బాధ్యతకు ఇలాంటి హద్దు గీయించుకునే హక్కు సంపాదించారు.

కింది కోర్టు ఒప్పుకోలేదు. యాంకో అప్పీలు కోర్టుకు వెళ్లారు. అక్కడ ఎదురు తిరిగింది. తీర్పులు ఖాయమయ్యాయి, ఒక మొత్తం 4,000 పెసోలకు పెరిగింది కూడా. అయినా తగ్గలేదు. సుప్రీంకోర్టు మెట్లెక్కారు.

ఎందుకు? డబ్బుకు వెనకాడి అనుకోవడం కష్టం. లాయర్లకే అంతకంటే ఎక్కువ అయ్యుంటుందని ఎవరికైనా తోస్తుంది. ఓడల వ్యాపారి కోణంలో చూస్తే మాత్రం సంగతి వేరు. ఓడలో ఉన్నది ముగ్గురు నలుగురు కాదు, 180 మంది. ఈ కేసులో ఓడితే ఆ రోజుకే కాదు, ఆ తర్వాత మునిగే ప్రతి ఓడకూ యజమానులు సమాధానం చెప్పాల్సి వస్తుంది. దానం తన ఇష్టం మీద ఇచ్చేది. పరిహారం ఎదుటివాడి హక్కు మీద ఇచ్చేది. మొదటిది ఇవ్వడానికి ఏనాడూ వెనకాడని మనుషులు రెండోదాని దగ్గర బిగుసుకుపోవడం వ్యాపార కుటుంబాల్లో తరచూ కనిపించేదే. యాంకోకు ఇందులో మినహాయింపు ఇవ్వనక్కర్లేదు. ఓడలో ఆయన లేరు, నిజమే. తుపానులో బయల్దేరమన్నది కెప్టెన్, అదీ నిజమే. 123 మంది ఎక్కాల్సిన ఓడ 180 మందితో, గీత మునిగేంత బరువుతో ఎలా బయల్దేరిందన్న ప్రశ్న మాత్రం ఒక్క కెప్టెన్‌తో ఆగేది కాదు.

కేసు తేలేలోగా యాంకో వెళ్లిపోయారు. 1939 ఏప్రిల్ 20న మనీలాలో కన్నుమూశారు. ఉత్తర శ్మశానవాటికలో ఖననం చేశారు. కేసును ఆయన వారసత్వ ప్రతినిధి నడిపించాడు. ప్రమాదం జరిగిన 14 ఏళ్లకు, 1941 అక్టోబరు 29న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

యాంకో గెలిచారు.

కెప్టెన్ది తప్పేనని కోర్టు ఒప్పుకొంది. ప్రయాణికులను క్షేమంగా చేర్చాల్సిన ఒప్పందం యజమానికి ఉందనీ ఒప్పుకొంది. అయినా సముద్ర చట్టం ప్రకారం యజమాని బాధ్యత ఓడ విలువకు మించదు. ఓడకు బీమా ఉన్నట్టు కనబడలేదు. ఓడే లేదు కాబట్టి బాధ్యతా లేదు. మునిగిపోయిన ఓడను వదిలేస్తున్నానని అర్జీ పెట్టడం కూడా ఉత్తి తంతేనంది. మూడు కుటుంబాలకూ రాగిపైసా రాలేదు.

'ఓడ లేదు, బాధ్యత లేదు' అన్న మాట ఫిలిప్పీన్ న్యాయశాస్త్రంలో సామెతలా స్థిరపడింది. లా విద్యార్థి ఎవడైనా ఆ మాట వినగానే యాంకో పేరు చెప్తాడు. తర్వాతి కాలంలో కోర్టులే దానికి పగ్గాలు వేశాయి. తప్పులో యజమానికీ పాలుంటే ఆ సూత్రం వర్తించదన్నాయి, బీమా ఉంటే వర్తించదన్నాయి. ఆ మినహాయింపులు 1927 నాటి ఆ కుటుంబాలకు అందేంత తొందరగా రాలేదు.

బస్సు షెడ్డులో ఒక మెకానిక్

ఓడల సంగతి ఇలా ఉంటే, యాంకో బస్సుల సంగతి మరోలా నడిచింది. ఆయన బస్సుల కంపెనీ పేరు ట్రై-ట్రాన్. తెయొడోరో ఆర్. యాంకో పేరులోని మొదటి అక్షరాలే అందులోని 'ట్రై'. 1930ల్లో ఆ కంపెనీలో ఓ పొడగరి కుర్రాడు మెకానిక్‌గా చేరాడు. అతనిదీ జంబాలెస్ రాష్ట్రమే. ఇంజన్ల కింద దూరి చేతులు నల్లగా చేసుకుంటూ పనిచేసిన అతను మేనేజరు స్థాయికి ఎదిగాడు. రెండో ప్రపంచయుద్ధం రాగానే సైన్యానికి వాహనాలు చూసే విభాగంలో చేరాడు. జపాన్ దేశాన్ని ఆక్రమించాక అడవుల్లోకి వెళ్లి గెరిల్లాగా పోరాడాడు. 1946లో చట్టసభకు, 1950లో రక్షణమంత్రి పదవికి, 1953లో ఏకంగా దేశాధ్యక్ష పదవికి చేరాడు.

ఆయన రామోన్ మెగసెసె. 1957 మార్చిలో విమాన ప్రమాదంలో చనిపోయాక ఆయన పేరున పెట్టిన అవార్డు మన ఇళ్లల్లో అందరికీ తెలుసు. బాలకార్మికులను బడికి పంపిన శాంతా సిన్హాకు 2003లో, పల్లె కరవులను పేపర్లకెక్కించిన పి. సాయినాథ్‌కు 2007లో వచ్చింది అదే. మెగసెసె పేరు మన దాకా వచ్చింది, ఆయనకు జీతమిచ్చిన యాంకో పేరు రాలేదు.

వీలునామా మీద 39 ఏళ్లు

యాంకోకు సొంత పిల్లల్లేరు. భార్యకో, తల్లిదండ్రులకో తప్పనిసరిగా వాటా ఇవ్వాల్సిన పరిస్థితి కూడా లేదు. అందుకే తనకు ఇష్టమైనవాళ్లకు రాసివ్వగలిగారు. 1934 ఆగస్టు 29 తేదీతో వీలునామా రాశారు. కష్టపడి కూడబెట్టింది తన తర్వాత చెల్లాచెదురైపోతుందన్న బెంగ ఆయనకు ఉన్నట్టుంది. ఆస్తి నిలిచి ఉండాలన్న అర్థం వచ్చేలా కొన్ని షరతులు పెట్టారు.

గొడవకు ఆ షరతులే చాలాయి. యుద్ధం ముగిశాక 1945లో పంపకాల పట్టిక కోర్టుకు వస్తే, బంధువుల్లో కొందరు అడ్డుపడ్డారు. వారసుడెవరో చెప్పలేదు కాబట్టి ఇది వీలునామానే కాదని ఒకరు. ఆస్తిని నిలబెట్టమన్నాడు గానీ పంచమనలేదు కదా అని మరొకరు. 1946 డిసెంబరులో కోర్టు పంపకాలకే ఓటేసింది. ఇచ్చిన ఆస్తిని పుచ్చుకున్నవాళ్లు తగలేయకూడదన్నదే ఆయన ఉద్దేశం, ఎప్పటికీ అమ్మకూడదని రాసుంటే ఆ షరతు చెల్లనే చెల్లదు అంది. 1947లో అప్పీళ్లు రాజీ అయ్యాయి. తల్లి తరఫు బంధువులకు 35,000 పెసోలు ఇచ్చి సర్దుబాటు చేసుకున్నారు.

అంతటితో అయిపోలేదు. ఆ రాజీలో సంతకం పెట్టిన ఒకాయనే 1951లో మళ్లీ కోర్టుకొచ్చాడు. ఆయన యాంకో తల్లి మొదటి భర్త సంతానం వైపు మనిషి. వీలునామా చెల్లదు, కాబట్టి మా వాటా మాకివ్వండి అన్నాడు. ఈ దావా సుప్రీంకోర్టులో తేలేసరికి 1978 అక్టోబరు 23 అయింది. యాంకో పోయి అప్పటికి 39 ఏళ్లు.

న్యాయమూర్తులు వీలునామాలోని షరతుల జోలికి పెద్దగా పోలేదు. పాత కాగితాల్లోంచి మరో వీలునామా బయటికి తీశారు. 1907లో లూయిస్ యాంకో రాసింది. తెయొడోరో తాను అంగీకరించిన బిడ్డ అని తండ్రి చెప్పాడు, అంటే పెళ్లి బంధంలో పుట్టినవాడు కాదు. తల్లికి మొదటి భర్త ద్వారా పుట్టినవాళ్లు పెళ్లి బంధంలో పుట్టినవాళ్లు. స్పెయిన్ వాళ్ల పాత పౌర స్మృతి 943వ అధికరణం ఈ రెండు వైపుల మధ్యా వారసత్వం నడవదంటోంది. సక్రమ సంతానం ఆస్తి అటువైపు వాళ్లకు రాదు, అటువైపు వాళ్ల ఆస్తి సక్రమ సంతానానికీ రాదు. దావా కొట్టేశారు.

పుట్టుక మీద చట్టం వేసిన ముద్రే చివరికి ఆయన రాసిన వీలునామాకు కాపలా కాసింది. ఆయనకు ఇష్టమైనవాళ్లకు ఇవ్వాలనుకున్నది ఇచ్చినట్టే నిలిచింది. రోంబ్లోన్ రేవు నుంచి బయల్దేరినవాళ్ల కుటుంబాలు ఆ వీలునామాలో లేవు.